ఇంజను ఆయిలు ఫిల్టరు: గోదావరి డెల్టా రైతులు, చెరువుల వాళ్లు, బండ్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారంటే విడిభాగాల దుకాణాల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. రొయ్యల చెరువుల వాళ్లకు ఆ కాలం, ఈ కాలం అని లేదు. రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి జనరేటరు గుర్తుకొస్తుంది. మనుషులు మారినా అడిగే ప్రశ్నలు మారడం లేదు కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవనక్కర్లేదు. దుకాణానికి వచ్చిన వాళ్లు ముందు కంపెనీ అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు. ఫిల్టరు నెంబరు అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే.

## అసలు అది చేసే పని

ఫిల్టరు లోపల ఏముంటుంది? ఆయిలు ఎటు నుంచి ఎటు పోతుంది?

డబ్బా ఫిల్టరును తిరగేసి మూతి చూడండి. మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న రంధ్రాలు ఉంటాయి. ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరు నుంచి పంపు తోడిన ఆయిలు ఆ చిన్న రంధ్రాల్లోంచి డబ్బాలోకి వస్తుంది. లోపల మడతలు పెట్టిన కాగితం గుండ్రంగా చుట్టి ఉంటుంది. ఆయిలు ఆ కాగితం బయటి వైపు నుంచి లోపలికి వడకట్టుకుని, మధ్యనున్న చిల్లుల గొట్టంలోకి చేరి, పెద్ద రంధ్రం గుండా ఇంజనులో తిరిగే భాగాలకు, అంటే క్రాంకు బేరింగులకు, క్యాం షాఫ్టుకు పోతుంది. మురికంతా కాగితం బయటి ముఖం మీదే నిలుస్తుంది. మడతలు ఎందుకంటే, చిన్న డబ్బాలో ఎక్కువ కాగితం పట్టాలి. ఎంత ఎక్కువ కాగితం ఉంటే అంత ఎక్కువ మురికిని, ఆయిలుకు అడ్డుపడకుండా, పట్టి ఉంచగలదు.

కాగితంతో పాటు రెండు వాల్వులు కూడా ఉంటాయి. చిన్న రంధ్రాల వెనక కనిపించే రబ్బరు పొర, ఇంజను ఆపాక ఆయిలు వెనక్కి జారిపోకుండా ఆపుతుంది. స్ప్రింగుతో పనిచేసే బైపాస్ వాల్వు, కాగితం మూసుకుపోయినప్పుడు ఆయిలుకు అడ్డదారి ఇస్తుంది. కొన్ని ఇంజన్లలో ఈ బైపాస్ ఫిల్టరులో కాక ఇంజను బాడీలోనే ఉంటుంది.

బైపాస్ తెరుచుకుంటే మురికి ఆయిలే ఇంజనులోకి పోతుంది కదా? అలాంటిది ఎందుకు పెట్టారు?

మురికి ఆయిలు బేరింగును నెమ్మదిగా అరగదీస్తుంది. ఆయిలే అందకపోతే బేరింగు నిమిషాల్లో పట్టేస్తుంది. రెండు చెడుల్లో చిన్నదాన్ని ఎంచుకున్నారు, అంతే. కాగితానికి ఇటూ అటూ పీడనంలో తేడా ఒక హద్దు దాటితే స్ప్రింగు వెనక్కి తగ్గి దారి ఇస్తుంది. చాలా ఇంజన్లలో ఆ హద్దు 1 బార్‌కు (బార్ అంటే పీడనం కొలత) అటూ ఇటూగా ఉంటుంది. పుష్యమాసం తెల్లవారుజామున చిక్కబడిన ఆయిలుతో ఇంజను స్టార్టు చేయగానే యాక్సిలరేటరు తొక్కితే కొద్దిసేపు తెరుచుకోవచ్చు. అందులో కంగారు పడాల్సింది లేదు. మార్చాల్సిన గడువు దాటి నెలల తరబడి ఉంచేసిన ఫిల్టరులో మాత్రం అది తెరుచుకునే ఉంటుంది. పైకి ఫిల్టరు ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల లేనట్టే లెక్క.

ఎంత సన్నటి మురికి ఇంజనుకు హాని చేస్తుంది?

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు కంటికి 40 మైక్రాన్లకు తక్కువున్న రేణువు కనిపించదు. తిరిగే బేరింగులో ఆయిలు పొర మందం కొద్ది మైక్రాన్లే ఉంటుంది. అంతకంటే కాస్త పెద్దవైన రేణువులు, అంటే సుమారు 5 నుంచి 20 మైక్రాన్ల మధ్యవి, ఆ సందులో చిక్కుకుని రెండు లోహాలనూ గీకుతాయి. వేళ్ల మధ్య ఆయిలు రాసి చూసి "గరగరలేదు, బాగానే ఉంది" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వేలికి తెలిసేంత రేణువు ఉందంటే అప్పటికే పని ముదిరిందని అర్థం.

కొత్త ఆయిలు పోసిన రెండు రోజులకే నల్లబడింది. ఫిల్టరు పనిచేయడం లేదా?

డీజిల్ ఇంజనులో అది సహజం. డీజిల్ మండినప్పుడు వచ్చే మసి రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. ఏ కాగితమూ వాటిని పూర్తిగా ఆపలేదు, ఆపనక్కర్లేదు కూడా. ఆయిలులో కలిపే రసాయనాలు ఆ మసిని ముద్ద కట్టనీయకుండా విడివిడిగా తేలేలా ఉంచుతాయి. ఆయిలు నల్లగా ఉందంటే మసిని తనలో మోస్తోందన్నమాట. ఫిల్టరు మంచిచెడ్డలు ఆయిలు రంగులో తెలియవు. పాలు కలిపినట్టు తెల్లగా మారితే అది వేరే సంగతి, నీరు చేరిందన్న గుర్తు. వెంటనే ఇంజను ఆపి కారణం వెతకాలి.

మా పాత నీటి ఇంజనుకు ఫిల్టరే లేదు. మా నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. మరి ట్రాక్టరుకు ఎందుకు?

కాలువ గట్టున ధనధనమంటూ తిరిగే ఒంటి సిలిండరు ఇంజన్లు నెమ్మదిగా తిరుగుతాయి. సందులు ఎక్కువ, వేడి తక్కువ. చాలావాటిలో ఆయిలును చిమ్మించే పద్ధతే ఉంటుంది. మురికి అడుగున దిగుతుంది. ఆయిలు మార్చినప్పుడు చాంబరు మూత విప్పి ఆ మడ్డిని గుడ్డతో తుడవడమే అక్కడ ఫిల్టరు చేసే పని. వందసీసీ బైకుల్లోనూ, స్కూటర్లలోనూ చాలావాటికి కాగితం ఫిల్టరు ఉండదు. జల్లెడ ఒకటి, కొన్నింటిలో దానికి తోడు తిరుగుడు బలంతో మురికిని పక్కకు నెట్టే గిన్నె ఒకటి ఉంటాయి. నాలుగు సిలిండర్ల ట్రాక్టరు, టర్బో జనరేటరు సన్నటి సందులతో, ఎక్కువ పీడనంతో పనిచేసే యంత్రాలు. వాటికి జల్లెడ చాలదు.

## కొనేటప్పుడు

ఏ కంపెనీ ఫిల్టరు మంచిది?

ముందు ఇంజను పుస్తకంలో రాసిన ఫిల్టరు నెంబరు చూడండి. పుస్తకం పోయి ఉంటే పాత ఫిల్టరు డబ్బా మీద చూడండి. అదీ చెరిగిపోతే ఇంజను మోడలు పలక ఫోటో తీసుకుని దుకాణానికి రండి. "మహీంద్రా ట్రాక్టరుకు ఇవ్వండి" అంటే చాలదు, ఒకే కంపెనీలో ఇంజన్లు అనేకం. బండి కంపెనీ ముద్రతో వచ్చేది అన్నింటికంటే నిశ్చింత. ఆ తర్వాత మాన్, మాలే, బాష్, ఫ్లీట్‌గార్డ్, ఎలోఫిక్ వంటి ఫిల్టరు తయారీదారులు ఉన్నారు. బండి కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లు సొంతంగా చేయవు, ఇలాంటి తయారీదారుల దగ్గరే చేయించుకుంటాయి. కాబట్టి సరైన నెంబరుకు సరిపోలే మంచి తయారీదారు ఫిల్టరు వేస్తే తప్పులేదు. పేరు ఊరు లేని డబ్బా మాత్రం ఎంత చవకైనా వద్దు.

మర సరిపోయింది, గట్టిగా కూర్చుంది. వేరే బండి ఫిల్టరైనా పరవాలేదా?

ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

మొదట మర సంగతి. ఫిల్టర్లలో బాగా కనిపించే రెండు మరలు ఉన్నాయి. ఒకటి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. రెండోది 20 మిల్లీమీటర్లు, చుట్టుకు 1.5 మిల్లీమీటర్ల దూరం. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. అంటే 20 మిల్లీమీటర్ల ఫిల్టరు ముప్పావు అంగుళం కడ్డీ మీద కాస్త వదులుగా ఎక్కుతుంది, చివర్లో బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ మర పళ్లు ఒకదానికొకటి అంచుల్లో మాత్రమే పట్టుకుని ఉంటాయి. ఇంజను వేడెక్కి, పీడనం పెరిగి, అదురు మొదలైతే డబ్బా ఊడి ఎగిరిపోయి ఆయిలంతా నిమిషంలో రోడ్డు పాలవుతుంది.

రెండోది బైపాస్. ఇంజను బాడీలోనే బైపాస్ ఉన్న మోడళ్లకు బైపాస్ లేని ఫిల్టరు ఇస్తారు. అదే ఫిల్టరును బాడీలో బైపాస్ లేని ఇంజనుకు బిగిస్తే, కాగితం మూసుకున్న రోజున ఆయిలుకు దారే ఉండదు. కాగితం చితికి చిరగవచ్చు, లేదా బేరింగులు ఎండిపోవచ్చు. బయట నుంచి చూస్తే రెండు డబ్బాలూ కవల పిల్లలే.

ఇక రబ్బరు రింగు వ్యాసం. ఇంజను ముఖం మీద గాడి ఎంత వెడల్పో రింగు అంతే ఉండాలి. సగం గాడి మీద, సగం బయట కూర్చుంటే మొదట కారదు, తర్వాత ఒకరోజు చేను మధ్యలో కారుతుంది. ఎత్తు తేడా ఒక్కటే అయితే అంత ప్రమాదం లేదు, చుట్టుపక్కల దేనికీ తగలకుండా ఉంటే చాలు.

కాగితం ఫిల్టరు చాలా, సింథటిక్ తీసుకోవాలా?

మామూలు ఫిల్టర్లలో ఉండేది రెజిన్ పట్టించి గట్టిపరిచిన సెల్యులోజు కాగితం. సింథటిక్‌లో సన్నటి గాజు పోగులు లేదా పాలిస్టరు పోగులు ఉంటాయి. పోగులు ఒకే సన్నదనంలో ఉండటం వల్ల చిన్న రేణువులను పడుతూనే ఆయిలును సులువుగా పోనిస్తాయి, ఎక్కువ మురికిని మోస్తాయి. నీరు తగిలితే కాగితం ఉబ్బి మెత్తబడుతుంది, గాజు పోగులకు ఆ బాధ తక్కువ. ఎక్కువ గడువు ఆయిలు వాడే కొత్త టర్బో ఇంజన్లకు కంపెనీ సింథటిక్ చెబితే అదే వేయండి. 250 గంటలకు ఆయిలు మార్చే మామూలు ట్రాక్టరుకు మంచి కాగితం ఫిల్టరు సరిపోతుంది. అదనపు డబ్బును మంచి గాలి ఫిల్టరు మీద పెట్టమంటాను. ఇంజనులోకి దుమ్ము వచ్చే దారి అదే మరి.

డబ్బా మీద 20 మైక్రాన్లు అని ఉంది. అంటే 20 దాటినవన్నీ ఆగిపోతాయా?

ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. వల కన్ను కొలత చెప్పి, చేపలు ఎన్ని పడతాయో చెప్పనట్టు ఉంటుంది. 20 మైక్రాన్ల రేణువుల్లో ఎన్ని శాతం ఆపుతుందో కూడా చెప్పాలి. కొందరు 50 శాతం ఆపినా 20 మైక్రాన్లు అని రాసుకుంటారు, కొందరు 99 శాతం ఆపితేనే రాస్తారు. తయారీదారుల పత్రాల్లో బీటా అనే లెక్క కనిపిస్తుంది. ఫిల్టరులోకి పోయిన రేణువులను బయటికి వచ్చిన రేణువులతో భాగిస్తే వచ్చేది అది. బీటా 2 అంటే సగం ఆగాయి. బీటా 20 అంటే 95 శాతం, బీటా 100 అంటే 99 శాతం. ఆయిలు ఫిల్టర్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4548-12. ఆ ప్రమాణం పేరు, శాతం, మైక్రాను మూడూ కలిపి చెప్పిన వాళ్ల అంకెను నమ్మవచ్చు.

మరీ సన్నటి కాగితం కావాలని పట్టుబట్టడం కూడా మంచిది కాదు. అది త్వరగా మూసుకుంటుంది, బైపాస్ తరచుగా తెరుచుకుంటుంది.

దుకాణంలో పట్టుకుని చూస్తే మంచిదో కాదో తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. చిన్న రంధ్రాల్లోంచి చూస్తే రబ్బరు పొర కనిపిస్తుంది. శుభ్రమైన పుల్లతో మెల్లగా నొక్కండి. మెత్తగా లోపలికి వెళ్లి, వదలగానే తిరిగి వచ్చి రంధ్రాన్ని మూయాలి. గట్టిగా, ముడతలు పడి, ఒకవైపు ఎత్తుగా ఉంటే పక్కన పెట్టండి. నల్లనిది సాధారణంగా నైట్రైలు రబ్బరు, నారింజ లేదా ఎరుపు రంగుది తరచుగా సిలికాన్. సిలికాన్ వేడికి ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. కానీ రంగు ఎవరైనా కలపవచ్చు, రంగును చూసి మోసపోకండి.

తర్వాత డబ్బాను చెవి దగ్గర ఆడించండి. లోపల ఏదైనా కదిలి టకటకమంటే ఎలిమెంటు, అంటే లోపలి కాగితం చుట్ట, వదులుగా ఉందని అర్థం. అలా ఉంటే ఆయిలు కాగితంలోంచి కాక పక్క సందులోంచి పోతుంది. మధ్య రంధ్రం మర మీద వేలు తిప్పండి. ఇనుప పొట్టు, గరుకు అంచులు తగలకూడదు, ఎందుకంటే అక్కడ రాలిన పొట్టు నేరుగా బేరింగుల్లోకే పోతుంది. రబ్బరు రింగు గాడిలో సమంగా కూర్చుని ఉండాలి. బరువును బట్టి మాత్రం నిర్ణయించకండి.

డుప్లికేటును ఎలా గుర్తుపట్టాలి?

అట్టపెట్టె మీద అక్షరాలు మసకగా ఉండటం, పెట్టె మీది నెంబరూ డబ్బా మీది నెంబరూ వేరుగా ఉండటం, తయారైన నెల లేకపోవడం, స్కాన్ చేయాల్సిన గుర్తు దేనికీ తెరుచుకోకపోవడం, ఇవన్నీ అనుమానించాల్సినవే. మిగతా దుకాణాలన్నీ చెప్పే ధరకు సగానికే ఎవరైనా ఇస్తే అక్కడ ఆగి ఆలోచించండి. బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వడానికి నసిగే దుకాణం దగ్గర ఫిల్టరు కొనకపోతే మీకు నష్టం ఏమీ ఉండదు.

పెద్ద సైజు ఫిల్టరు వేస్తే ఇంకా మంచిదా?

మర, రింగు, బైపాస్ అన్నీ ఒకటే అయి, పొడవు మాత్రమే ఎక్కువైన నెంబరును తయారీదారే అదే ఇంజనుకు సూచిస్తే వేసుకోవచ్చు. ఆయిలు కాస్త ఎక్కువ పడుతుంది. మీరే ఊహించుకుని వేయకండి.

చెరువు దగ్గర జనరేటరుకు ఫిల్టరు కొంటున్నాను. ప్రత్యేకంగా ఏం చూడాలి?

వెనక్కి జారనీయని రబ్బరు వాల్వు. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామునే. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే జనరేటరు దానంతట అది లేచి, కొద్ది క్షణాల్లోనే నీటిలో గాలి కలిపే ఏరేటర్ల భారమంతా నెత్తిన వేసుకోవాలి. రోజుల తరబడి ఊరికే ఉన్న ఇంజనులో ఫిల్టరు ఖాళీ అయి ఉంటే, అది నిండేవరకు బేరింగులకు ఆయిలు అందదు. లేవగానే కొన్ని సెకన్లు గలగలమని ఇనుప చప్పుడు వచ్చి ఆగిపోతుంటే ముందు ఆ వాల్వును అనుమానించండి. ఫిల్టరు అడ్డంగానో, మూతి కిందికో బిగించి ఉన్న ఇంజన్లలో ఇది మరీ ముఖ్యం. భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల చెరువుల వాళ్లు ఒక ఫిల్టరు అదనంగా షెడ్డులో ఉంచుకోవడం మంచి పద్ధతి. అట్టపెట్టెతో సహా పాలిథిన్ సంచిలో కట్టి ఉంచండి, తేమకు కాగితం పాడవకుండా.

## బిగించేటప్పుడు

చేత్తో బిగిస్తే చాలా, రెంచి వేయాలా?

చేత్తోనే. కొత్త రబ్బరు రింగుకు వేలితో కొత్త ఆయిలు రాయండి. రింగు ఇంజను ముఖానికి తగిలే వరకు తిప్పి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు బిగించండి. డబ్బా మీద వేరే లెక్క రాసి ఉంటే దాన్నే పాటించండి. రెంచి విప్పడానికే. రెంచితో బిగిస్తే రింగు నలిగి కారుతుంది, వచ్చేసారి విప్పేటప్పుడు డబ్బా నలుగుతుంది.

పాత ఫిల్టరు ఊడి రావడం లేదు. ఏం చేయాలి?

ఇంజను కొద్దిగా వేడిగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. పట్టీ రెంచి లేదా గొలుసు రెంచిని డబ్బా అంచుకు, అంటే ఇంజనుకు దగ్గరగా, వేయండి. అక్కడ రేకు బలంగా ఉంటుంది. చేతికి ఆయిలు అంటి జారుతుంటే గరుకు కాగితం ముక్క చుట్టండి. స్క్రూడ్రైవరుతో డబ్బాను అడ్డంగా పొడిచి తిప్పడం చివరి మార్గం. చాలాసార్లు రేకు చినిగి మూతి ఒక్కటే ఇంజనుకు అతుక్కుని మిగులుతుంది, అప్పుడు పని రెట్టింపు.

కొత్త ఫిల్టరు బిగించి ఇంజను స్టార్టు చేయగానే ఆయిలు ధారగా కారింది. ఫిల్టరు చెడ్డదా?

చాలావరకు కాదు. పాత రబ్బరు రింగు ఇంజను ముఖానికే అతుక్కుని ఉండిపోయి, దాని మీద కొత్త రింగు కూర్చుని ఉంటుంది. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పీడనానికి నిలవవు. వెంటనే ఇంజను ఆపండి. ఫిల్టరు విప్పి, పాత రింగును తీసి, ముఖాన్ని పోగులు రాలని గుడ్డతో తుడిచి మళ్లీ బిగించండి. కారిన ఆయిలు ఎంతో చూసి ఆ మేరకు పోయండి. పాత ఫిల్టరు విప్పగానే దాని మూతి మీద రింగు ఉందో లేదో చూసే అలవాటు ఉంటే ఈ గొడవే రాదు.

కొత్త ఫిల్టరులో ముందే ఆయిలు నింపాలా?

మూతి పైకి ఉండేలా నిలువుగా బిగించే ఫిల్టరైతే నింపవచ్చు. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి మాత్రమే పోయండి. మధ్య రంధ్రంలో పోస్తే ఆ ఆయిలు వడకట్టకుండా నేరుగా బేరింగుల్లోకి పోతుంది. డబ్బా అంచున ఉన్న దుమ్ము కూడా దానితోనే వెళుతుంది. కొన్ని కంపెనీలు ఈ కారణంగానే ముందుగా నింపవద్దంటాయి, మీ పుస్తకంలో అలా ఉంటే వదిలేయండి. అడ్డంగా బిగించే ఫిల్టరులో పోసినా బయటికే కారుతుంది. బిగించాక ఇంజను స్టార్టు చేసి యాక్సిలరేటరు ఇవ్వకుండా ఉంచండి. ఆయిలు లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. పది సెకన్లు దాటినా వెలుగుతుంటే ఆపేయండి. తర్వాత కొద్దిసేపు ఆగి గేజి కడ్డీ చూసి, తగ్గినంత పోయండి.

మాది డబ్బా కాదు, గిన్నెలో ఎలిమెంటు. జాగ్రత్తలు వేరా?

గిన్నె అడుగున స్ప్రింగు, దాని మీద వాషరు ఉంటాయి. తీసేటప్పుడు వరుస ఫోటో తీసుకోండి. వాషరు పాత ఎలిమెంటుకు అతుక్కుని చెత్తలోకి పోవడం మామూలే, అది లేకపోతే ఆయిలు పక్కనుంచి పోతుంది. గిన్నెను డీజిల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పెట్టెలో వచ్చిన కొత్త రబ్బరు రింగులు తప్పకుండా మార్చండి.

## నడిచేటప్పుడు

ఎన్ని గంటలకు మార్చాలి?

ఇంజను పుస్తకంలో ఉన్నదే లెక్క. చాలా ట్రాక్టర్లకు, జనరేటర్లకు 250 గంటలు అని ఉంటుంది. కొత్త ఇంజనుకు మొదటి మార్పు ఇంకా ముందే, చాలావాటికి 50 గంటల దగ్గర, ఎందుకంటే కొత్త లోహాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు పొట్టు ఎక్కువ రాలుతుంది. గంటల మీటరు పనిచేయని ట్రాక్టర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మీటరు బాగుచేయించడం ఫిల్టరు కంటే ముందు పని. అప్పటివరకు రోజుకు ఎన్ని గంటలు నడిచిందో గోడ క్యాలెండరు మీద రాయండి.

మా ట్రాక్టరు దమ్ములోనే తిరుగుతుంది. దుమ్మే ఉండదు. గడువు పెంచవచ్చా?

వద్దు. దమ్ములో దుమ్ము తక్కువే కానీ నీరు, బురద, భారం ఎక్కువ. బురద ఎగిరి రేడియేటరు కన్నాలు మూసుకుంటే ఆయిలు వేడెక్కి త్వరగా పాడవుతుంది. గేజి కడ్డీ రబ్బరు వదులైనా, ఆయిలు పోసే మూత వాషరు పోయినా, ఊపిరి గొట్టం ఊడినా లోపలికి నీరు చేరుతుంది. తడిసిన కాగితం ఉబ్బి మూసుకుంటుంది. దమ్ము రోజుల్లో పొద్దున్నే కడ్డీ తీసి ఆయిలు రంగు చూడండి. అదే ట్రాక్టరు వేసవిలో మట్టి, ఇటుక, ధాన్యం తోలితే అప్పుడు దుమ్మూ తింటుంది. వరికోత యంత్రాలైతే సార్వా కోతల్లోనూ, దాళ్వా కోతల్లోనూ ఊక, నుసి మధ్యే తిరుగుతాయి. వాటికి గాలి ఫిల్టరు రోజూ చూడాల్సిందే. గాలి ఫిల్టరు చిరిగితే ఎంత మంచి ఆయిలు ఫిల్టరైనా ఇంజనును కాపాడలేదు.

జనరేటరు ఏడాదికి యాభై గంటలు కూడా నడవదు. అయినా మార్చాలా?

మార్చాలి, ఏడాదికి ఒకసారైనా. వారానికోసారి పది నిమిషాలు నడిపి ఆపేసే ఇంజను పూర్తిగా వేడెక్కదు. మన తేమ గాలిలో లోపల తేమ నీరుగా చేరి, ఆవిరై పోయే అవకాశం లేక ఆయిలులోనే మిగులుతుంది. దాంతో ఆయిలులో ఆమ్లాలు పెరుగుతాయి. అలా నడపడం కంటే నెలకు ఒకసారైనా ఏరేటర్ల భారం వేసి, ఇంజను బాగా వేడెక్కేలా అరగంట నడపడం మేలు.

ఒకసారి ఆయిలు మాత్రమే మార్చి, ఫిల్టరు వచ్చేసారి మారిస్తే?

పాత ఫిల్టరులో మిగిలిన మురికి ఆయిలు కొత్త ఆయిలులో కలుస్తుంది, పాత కాగితం రెండో గడువు మధ్యలోనే నిండుతుంది. కొన్ని కంపెనీల పుస్తకాలు అలా అనుమతిస్తాయి, మీదాంట్లో ఉంటే సరే. లేకపోతే ఫిల్టరు దగ్గర మిగిల్చే డబ్బు క్రాంకు గ్రైండింగు ఖర్చు ముందు ఏమాత్రం?

సముద్రం దగ్గర మా బోటు ఇంజను ఫిల్టరు డబ్బాకు తుప్పు పడుతోంది. ప్రమాదమా?

రేకు పలచబడి సూది బెజ్జం పడితే పీడనంతో ఆయిలు చిమ్ముతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఇది త్వరగా వస్తుంది. బిగించాక డబ్బా పైన పలచగా గ్రీజు రాయండి. రంగు పొక్కులు పొక్కులుగా లేచి, గీకితే పొరలు రాలుతుంటే గంటలు నిండకపోయినా మార్చండి.

వరదలో ఇంజను మునిగింది. ఆయిలు మారిస్తే చాలా?

ముందు స్టార్టు చేయకండి. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 1986 ఆగస్టులో, 2022 జూలైలో వచ్చినంత వరద కానక్కర్లేదు, లంకల్లో ఓ మోస్తరు వరదకే షెడ్లు మునుగుతాయి. ఇంజెక్టర్లు విప్పించి నీరు బయటికి పోయేలా చేతితో తిప్పించండి. ఆయిలు, ఫిల్టరు రెండూ తీసేసి కొత్తవి వేసి, భారం లేకుండా కొద్దిసేపు నడిపి, మళ్లీ రెండూ మార్చండి. ఒక్కసారితో ఒండ్రు మొత్తం పోదు. ఈ పని మెకానిక్ చేతుల మీదుగానే జరగనివ్వండి.

## తీసేశాక

ఫిల్టరును డీజిల్‌తో కడిగి మళ్లీ వాడవచ్చా?

కూడదు. కాగితం లోతుల్లో చిక్కిన రేణువులు పోవు, గాలి కొడితే పోగులు చిట్లుతాయి. కడిగే చేతి మురికి శుభ్రమైన వైపుకు చేరుతుంది. ఇనుప జల్లెడలు, తిరుగుడు గిన్నెలు కడగడానికే చేసినవి, వాటిని కడగండి.

పాత ఫిల్టరును కోసి చూస్తే ఇంజను సంగతి తెలుస్తుందంటారు. నిజమా?

నిజమే, మనవాళ్లు చేయని మంచి పని ఇది. హాక్సా బ్లేడుతో కోస్తే రంపపు పొట్టు కాగితం మీద పడి తికమక పెడుతుంది. గొట్టాలు కోసే కట్టరులా చుట్టూ తిరిగే ఫిల్టరు కట్టరు వాడాలి. కాగితాన్ని కత్తిరించి, ఆయిలు పిండి, తెల్ల గుడ్డ మీద పరచి ఎండలో చూడండి. నల్లటి మసి పట్టి ఉండటం మామూలే. ఎండకు మెరిసే నలుసులు వెతకండి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటే సిలిండరు, గేర్లు, క్రాంకు వంటివి. అంటుకోని వెండి రంగు నలుసు అల్యూమినియం కావచ్చు, పిస్టనును అనుమానించండి. రాగి రంగు తళుకు బుష్షుల నుంచీ, పైపొర అరిగిన బేరింగుల నుంచీ వస్తుంది. ఒకటి రెండు నలుసులకు భయపడక్కర్లేదు. చిటికెడు తళుకు వస్తే ఇంజను నడపడం ఆపి మెకానిక్‌కు ఆ కాగితమే చూపించండి. ఇసుక గరుకు ఎక్కువగా ఉంటే గాలి ఫిల్టరు గొట్టంలో ఎక్కడో చీలిక ఉంది.

వాడేసిన ఆయిలు, ఫిల్టరు ఎక్కడ పారేయాలి?

కాలువలోనూ కాదు, చెరువు గట్టున కూడా కాదు. నీటి మీద ఆయిలు పొర పరుచుకుంటే గాలిలోని ప్రాణవాయువు నీటిలోకి దిగదు, మీరు ఏరేటర్లతో చేసే పనికి అది అడ్డం. దమ్ము చక్రాలకు తుప్పు పట్టకుండా పాత ఆయిలు పూసే అలవాటు ఉంది. అది మళ్లీ చేలోనే కడుక్కుపోతుంది, దానికి బదులు గ్రీజో, రంగో వాడండి. వాడేసిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి దాచి, రీసైక్లింగు అనుమతి ఉన్నవాళ్లకు అమ్మే సర్వీసు కేంద్రంలో ఇవ్వండి. ఫిల్టరునైతే వేడిగా ఉండగానే అడుగున బెజ్జం పొడిచి, రాత్రంతా ఒక పాత్ర మీద మూతి కిందికి పెట్టి వార్చండి. ఆయిలు పూర్తిగా దిగాకే పాత ఇనుము కొనేవాళ్లకు వేయండి. ఆ పాత్రను వంటింటి నుంచి మాత్రం తీసుకురాకండి.